ఆఫ్రికాకు వెళ్ళే ముందు మన గల్లీని రాయాలి

(సోలాపూర్ నేత కార్మికుల పేటలో, యవ్వనస్థుల కూడికలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



సంగతి మీలో చాలామందికి ముందే తెలుసు. మన సంఘంలో ఒక చెల్లి జర్నలిజం చదువు పూర్తి చేసింది. నైరోబీలో ఒక దినపత్రిక ఆమెను మూడు నెలలు పని నేర్చుకోవడానికి రమ్మంది. దాన్నే ఇంటర్న్‌షిప్ అంటున్నారు. మన పేట భాషలో చెప్పాలంటే, మగ్గం చేతికిచ్చే ముందు కండెలు చుట్టించడం లాంటిది. ఆ చెల్లి పేరు చెప్పొద్దని వెనక వరసలోంచి చెయ్యి ఊపుతోంది కాబట్టి చెప్పను. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది, నాన్న టవల్ కార్ఖానాలో లూము నడుపుతాడు. ఇది చూసి ఇంకో ఇద్దరు తమ్ముళ్ళు కూడా దరఖాస్తు పెడతామంటున్నారు. అందుకే ఈ సాయంత్రం వాక్యపఠనం తర్వాత పాటలు తగ్గించి ఈ విషయం మాట్లాడదామనుకున్నాను.

ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి గల్లీలో ఏం మాటలు నడుస్తున్నాయో నా చెవిన కూడా పడ్డాయి. "చదివినోళ్ళు లండన్ పోతరు, అమెరికా పోతరు, ఆఫ్రికాకు పోతరా?" అని ఒకరు. "అక్కడ అన్నీ రోగాలేనట" అని ఇంకొకరు. "ఆడపిల్లను నల్లోళ్ళ మధ్యకు పంపుతరా?" అని మూడో మాట. ఇది మన సంఘంలో కూర్చుని పాటలు పాడే నోటినుంచే వచ్చింది. రోగాల మాటకు టీకా ఉంది. ఆ మూడో మాటకు టీకా లేదు కాబట్టి, దాని గురించి తర్వాత నిదానంగా మాట్లాడతాను.

ముందు కాగితాల పని ముగిద్దాం. సందర్శకుల అనుమతి మీద వెళ్ళి పత్రికాఫీసులో పని చేయకూడదు. పిలిచిన పత్రికే అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖలో మీ పేరున పాస్ అడగాలి. అలా అడగనంటే, ఆ పిలుపు అసలుదేనా అని చూసుకోవాలి. విలేకరిగా తిరగాలంటే మీడియా కౌన్సిల్ ఆఫ్ కెన్యా గుర్తింపు కావాలి. పచ్చజ్వరం టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ పసుపు కార్డును తిరిగి వచ్చేటప్పుడు మన దేశమే అడుగుతుంది. లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో ఆ టీకా వేస్తారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. నైరోబీలో మలేరియా తక్కువే, విక్టోరియా సరస్సు వైపు కిసుము వెళ్తే మాత్రం డాక్టరును అడిగి మాత్రలు పెట్టుకోవాలి. చేరగానే భారత హైకమిషన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి.

ఇంకో సంగతి. ఆఫ్రికాలో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని విదేశీ విద్యార్థుల దగ్గర లక్షలు తీసుకునే కంపెనీలు ఉన్నాయి. డబ్బు తీసుకునేవన్నీ మోసాలని నేననను. కానీ ఆ డబ్బులో ఎంత పత్రికకు వెళ్తుంది, ఎంత మధ్యవాళ్ళకు మిగులుతుంది అని అడగండి. జవాబు రాకపోతే అక్కడే ఆగండి. శేట్ దగ్గర బాకీ తీసుకుని, ఆ బాకీ తీరక అదే లూము దగ్గర కట్టుబడిపోయిన ఇళ్ళు మన పేటలో ఎన్నో మీకే తెలుసు. పిల్ల చదువు కోసం అలాంటి ఇంకో బాకీ చేయొద్దు.

అన్నట్టు, స్వెట్టర్ మరిచిపోవద్దు. ఆఫ్రికా అంటే నిప్పులగుండం అనుకునేవాళ్ళకు చెప్తున్నా. నైరోబీ సముద్రమట్టానికి దాదాపు పద్దెనిమిది వందల మీటర్ల ఎత్తున ఉంది, జూలైలో చలి పెడుతుంది. మే నెలలో మన సోలాపూర్ చూసినవాళ్ళకు అది ఊటీ. మన చాదర్ ఒకటి పెట్టెలో పెట్టుకుంటే పనికొస్తుంది. చలికీ పనికొస్తుంది, నువ్వెవరని అడిగినప్పుడు చూపించడానికీ పనికొస్తుంది.

ఇక అసలు తయారీకి వద్దాం.

సంఖ్యాకాండము పదమూడో అధ్యాయం మీరంతా సండే స్కూల్లో విన్నదే. పన్నెండు మందిని కనాను చూసి రమ్మని మోషే పంపాడు. పంపేటప్పుడు ఆయన ఇచ్చిన ప్రశ్నల పట్టిక ఎప్పుడైనా గమనించారా? అక్కడి మనుషులు బలవంతులా బలహీనులా, కొద్దిమందా ఎక్కువమందా, ఊళ్ళు గుడారాలా కోటలా, నేల సారమైనదా కాదా, చెట్లున్నాయా లేవా. ఏ పత్రికాఫీసులోనైనా సంపాదకుడు కొత్త విలేకరికి ఇచ్చేది ఇదే. రుజువుగా పండ్లు కూడా తెమ్మన్నాడు. నలభై రోజులు తిరిగి వచ్చారు. వాళ్ళలో పదిమంది ఏం చెప్పారు? అక్కడివాళ్ళ ముందు మేం మిడతల్లా కనబడ్డాం అన్నారు. ఆ దేశాన్ని చూడమంటే తమ భయాన్ని చూసి వచ్చారు.

ఈ అధ్యాయానికి ఇంకో వైపు ఉంది, దాన్ని దాచిపెట్టి బోధించడం నాకు ఇష్టం లేదు. ఆ పన్నెండు మంది వెళ్ళింది ఆ నేలను స్వాధీనం చేసుకోవడానికి. కనానీయుల ఇంట్లో కూర్చుని చదివితే ఈ కథ వేరేలా వినిపిస్తుంది. ఆఫ్రికాకు తెల్లవాళ్ళు వెళ్ళినప్పుడు మొదట వెళ్ళింది కూడా చూసి రాసేవాళ్ళే. వాళ్ళు గీసిన పటాలు, రాసిన నివేదికలు పట్టుకుని తర్వాత తుపాకులు వెళ్ళాయి. అందుకే "చూసి రాయడానికి వెళ్తున్నా" అనే మాట అమాయకమైనదేమీ కాదు. ఎవరి కోసం చూస్తున్నావు, రాసింది ఎవరి చేతికి వెళ్తుంది? చెల్లీ, విమానం ఎక్కేముందు ఈ రెండు ప్రశ్నలకు జవాబు నీ పుస్తకం మొదటి పేజీలో రాసుకో.

మనల్ని చూసి రాసినవాళ్ళు మనకు కొత్తకాదు. కెమెరాలు పట్టుకుని ఈ పేటకు ఎంతమంది రాలేదు? బీడీలు చుట్టే అమ్మ వేళ్ళు దగ్గరగా తీస్తారు, ఒళ్ళో పసిపాపను పెట్టుకోమంటారు, నవ్వొద్దంటారు. ఒక అక్క నాతో అంది: "పాస్టర్‌గారూ, నన్ను నవ్వొద్దన్నరు. నేను ఆ పూట నవ్వుతనే ఉన్న." ఆ ఫోటో ఏ పుస్తకంలో వచ్చిందో, ఏ గోడకు వేలాడుతుందో ఆమెకు తెలీదు. ఆమె పేరు ఆ ఫోటో కింద ఉందో లేదో కూడా తెలీదు.

2024 జనవరి 19 గుర్తుందా? రాయనగర్‌లో 15 వేల ఇళ్ళ తాళాలు ఇచ్చిన రోజు. ప్రధాని వచ్చారు, మాట్లాడుతూ గొంతు పూడిపోయింది, దేశంలోని చానళ్ళన్నీ ఆ క్షణాన్నే తిప్పితిప్పి చూపించాయి. మంచిదే. కానీ ఆ ఇళ్ళ వెనక ఎన్ని ఏళ్ళ ఊరేగింపులు, ఎంతమంది బీడీ కార్మికురాళ్ళ అరెస్టులు, ఎన్ని ధర్నాలు ఉన్నాయి? అంతకుముందు కుంభారిలో గోదూతాయి పరుళేకర్ పేరున పదివేల ఇళ్ళ కాలనీ కట్టించుకున్నది, 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా తాళాలు అందుకున్నది ఈ ఆడవాళ్ళే. మన తెలుగు కుటుంబం నుంచే వచ్చిన ఆడం మాస్టర్ వాళ్ళతో కలిసి నడిచిన ఆ పోరాటాన్ని ఎంతమంది విలేకరులు మొదటినుంచి రాశారు? ఒక రోజు వార్త అయింది, ఏళ్ళ కథ అవలేదు. నాయకుల రాజకీయాలతో మీకు ఏకీభావం ఉండొచ్చు, లేకపోవచ్చు. ఇళ్ళు మాత్రం ఎవరో ఇచ్చినవిగా కాక, అడిగి తెచ్చుకున్నవిగా చరిత్రలో ఉండాలి.

ఇప్పుడు నైరోబీ చెల్లికి నేనిచ్చే మొదటి పని. వెళ్ళే ముందు ఈ గల్లీ గురించి మూడు కథనాలు రాయి. వెయ్యి బీడీలకు ఎంత ఇస్తున్నారు, బాగాలేవని ఎన్ని పక్కన పడేస్తున్నారు, ఆ పడేసినవాటిని ఏం చేస్తున్నారు? కార్ఖానాలో వేసవిలో ఎండ ఎంత, లోపల వేడి ఎంత? ఒక్కొక్కరు ఎన్ని లూములు చూస్తున్నారు? అమ్మను అడుగు. "నాకు తెలుసు కదా" అని అడగకుండా రాయొద్దు. ఇంట్లోవాళ్ళను ప్రశ్న అడగడం నేర్చుకున్నవాడు ఎక్కడైనా అడగగలడు. రాసింది తెలుగులో అమ్మకు చదివి వినిపించు. ఆమె "ఇది ఇట్ల కాదు బిడ్డా" అన్నచోట దిద్దుకో. నైరోబీలో కిబేరా మురికివాడకో, మథారేకో నిన్ను పంపుతారు, అక్కడ నీళ్ళ డబ్బా మోసే ఆడమనిషి దగ్గర నిలబడతావు. అప్పుడు నీ కెమెరాలో కనబడేది మీ అమ్మ కావాలి. ఆ మనిషి నవ్వుతుంటే నవ్వే రాయి.

నాన్నను కూడా ఒక మాట అడుగు. నాలుగు లూముల మోతలో, ఒక్క పడుగు పోగు తెగితే ఆయనకు ఎలా తెలుస్తుంది? చెవితో వినలేడు. కన్ను అటే ఉండాలి. చూడకపోతే గుడ్డ మీద గీత అలా మీటర్ల కొద్దీ సాగిపోతుంది. తప్పుడు అంకె ఒకటి వార్తలో పడితే అదే జరుగుతుంది.

మన సోలాపూర్ నుంచి బయటికి వెళ్ళినవాళ్ళలో అందరికీ తెలిసిన పేరు డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్. 1910లో ఇక్కడే పుట్టాడు. 1938లో ఐదుగురు వైద్యుల బృందంతో యుద్ధంలో ఉన్న చైనాకు వెళ్ళాడు, వాళ్ళ భాష నేర్చుకున్నాడు, 32 ఏళ్ళకే అక్కడే కన్నుమూశాడు. భయ్యా చౌక్ దగ్గర ఆయన స్మారకం ఉంది, చూడనివాళ్ళు వెళ్ళి చూడండి. ఇందులో మన విషయానికి పనికొచ్చేది ఒకటుంది. ఆయన కథను దేశానికి చెప్పింది ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ అనే పత్రికా రచయిత. ఆయన పుస్తకం నుంచే శాంతారాం 1946లో సినిమా తీశాడు. మన నలుగురు హుతాత్ముల విగ్రహాల దగ్గర కూడా ఆగండి. 1931 జనవరి 12న ఉరితీసిన ఆ నలుగురిలో కుర్బాన్ హుసేన్ మిల్లు కార్మికుల మధ్య పనిచేస్తూ పత్రిక నడిపిన యువకుడు. రాత అనేది ఈ ఊరికి బయటినుంచి వచ్చిన వస్తువేం కాదు.

ఆఫ్రికాతో మనకు సంబంధం ఏమిటని అడిగేవాళ్ళకు ఇప్పుడు గుడ్డ కథ చెప్పాలి. ఇది మన వృత్తి కథే గనక కొంచెం ఓపిక పట్టండి.

నైజీరియాలో నైజర్ నది సముద్రంలో కలిసేచోట కలబారీ అనే జాతి ఉంది. వాళ్ళు గళ్ళ నూలు గుడ్డను ఇంజిరి అంటారు. బిడ్డ పుట్టినా, మనిషి చనిపోయినా ఆ గుడ్డ ఉండాల్సిందే. తరతరాలుగా ఇంట్లో పెట్టెల్లో దాచుకుంటారు. అక్కడి ఆడవాళ్ళు ఆ గుడ్డలో కొన్ని పోగులు సన్నగా కోసి, లాగేసి, గళ్ళలోంచి కొత్త నమూనా పుట్టిస్తారు. ఆ గుడ్డ ఎక్కడిదంటారు? మద్రాసు చేతి రుమాలు అనే పేరుతో చీరాల వైపు నుంచి, తమిళ నేత ఊళ్ళ నుంచి వెళ్ళింది. మన తాతల చేతి గుడ్డను వాళ్ళు తమ పుట్టుకలకూ చావులకూ వాడుకున్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

ఇంతవరకూ వినడానికి బాగుంది. దీని వెనక ఇంకో పొర ఉంది. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో మచిలీపట్నం లాంటి కోరమండల్ రేవుల నుంచి కుంఫిణీ ఓడల్లో నూలు గుడ్డలు లండన్, ఆమ్‌స్టర్‌డాం చేరేవి. అక్కడ్నుంచి పశ్చిమ ఆఫ్రికా తీరానికి వెళ్ళేవి. అక్కడ ఆ గుడ్డలిచ్చి మనుషులను కొనేవారు. అవును, బానిసలను. గినీ గుడ్డ అని వ్యాపారుల పుస్తకాల్లో ఒక పేరే ఉంది. మన నేతగాడికి ఆ సంగతి తెలీదు. అతనికి తెలిసింది దళారీ, బయానా, గడువు. అతని మెడమీద కూడా కుంఫిణీ కాలుంది. అయినా అతను నేసిన గుడ్డ ఇంకో తల్లి బిడ్డకు వెలగా మారింది. ఈ విషయం చెప్పి మీకు అపరాధభావం కలిగించాలని నాకు లేదు. విలేకరి పని ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు, అంతే. పోగు పట్టుకుని వెళ్తూ ఉండాలి. అది మన ఇంటికి మర్యాద తెచ్చే చోట ఆగి, అవమానం తెచ్చే చోట తెంపేయకూడదు.

గుడ్డ తర్వాత మనుషులు వెళ్ళారు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు కూలి ఒప్పందాల మీద నాటాల్ చెరకు తోటలకు వెళ్ళారు. మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామంది. 1903లో డర్బన్‌లో ఇండియన్ ఒపీనియన్ అనే పత్రిక మొదలైంది, గాంధీగారి పేరుతో మనకు తెలిసిన పత్రిక. నాలుగు భాషల్లో వచ్చింది. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం. తెలుగు లేదు. చెరకు నరికే చేతుల్లో తెలుగు చేతులు అన్ని ఉన్నా పత్రికలో తెలుగు అక్షరం లేదు. హిందీ, తమిళం కూడా 1906లో ఆగిపోయాయి. చందా కట్టగలిగిన వర్తకుల భాష మిగిలింది. ఎవరి కష్టం వార్త అవుతుంది, ఎవరి భాషలో అవుతుంది అన్నది ఆనాటినుంచీ ఉన్న ప్రశ్నే.

సరిగ్గా ఆ 1903లోనే నెల్లూరు నుంచి జాన్ రంగయ్య అనే తెలుగు ఉపాధ్యాయుడు నాటాల్‌లో దిగాడు. తెలుగు బాప్టిస్టుల సొంత మిషన్ సంఘం ఆయన్ను పంపింది. కియర్స్నీ తేయాకు తోటలో పనిచేసే తెలుగు కూలీల మధ్య సంఘం కట్టాడు. 1915లో చనిపోయేదాకా ఆ నేలమీదే పనిచేశాడు. మన క్రైస్తవుల ఇళ్ళలో విదేశీ మిషనరీల ఫోటోలు గోడలకు ఉంటాయి, రంగయ్య పేరు ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ఒకటి... రెండు. సరే.

అదే దేశంలో జోసెఫ్ డోక్ అనే బాప్టిస్టు పాస్టర్ ఉండేవాడు, జొహనెస్‌బర్గ్‌లో. గాంధీగారిని కొట్టి పడేసినప్పుడు ఇంటికి తీసుకెళ్ళి సేవచేసినవాడు. ఆయన జీవితకథను మొట్టమొదట రాసినవాడు కూడా ఈ డోకే, 1909లో. సంపాదకుడు ఊళ్ళో లేనప్పుడు ఇండియన్ ఒపీనియన్ పత్రికను కూడా చూసుకున్నాడు. పాస్టర్లకు పత్రికలెందుకు అని నన్ను అడిగేవాళ్ళకు ఆయన పేరు చెప్తుంటాను.

ఇప్పుడు ఆ మూడో మాట దగ్గరకు వస్తాను. "నల్లోళ్ళ మధ్యకు" అన్న మాట.

2016లో బెంగళూరులో ఒక టాంజానియా విద్యార్థినిని, ఆమెకు ఏ సంబంధమూ లేని ప్రమాదానికి, గుంపు పట్టుకుని కొట్టింది. 2017లో గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా విద్యార్థులను మాల్‌లో తరిమి కొట్టారు. హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు అడిగే ఆఫ్రికా పిల్లలను అడగండి, ఎన్ని తలుపులు మూసుకుంటాయో చెప్తారు. ఆ తలుపులు మనకు తెలుసు కదా? మనలో ఇంటిపేరు చెప్పగానే "గది ఖాళీ లేదు" అనిపించుకోని దళిత కుటుంబం ఉందా? మన మీద చేసింది మనం ఇంకొకరిమీద చేస్తే, మనం దేన్ని తిడుతున్నట్టు?

దక్షిణాఫ్రికాలో డ్రమ్ అనే పత్రిక ఉండేది. దాని విలేకరి క్యాన్ థెంబా ఆదివారం పూట తెల్లవాళ్ళ చర్చిలకు వెళ్ళాడు. నల్లవాడిగా, విశ్వాసిగా, ఆరాధనకు. ఏ చర్చిలో కూర్చోనిచ్చారు, ఎక్కడ గుమ్మంలోనే ఆపారు, ఎక్కడ బయటికి గెంటారు అన్నది రాశాడు. ఎవర్నీ తిట్టాల్సిన అవసరం లేకపోయింది, జరిగింది రాస్తే సరిపోయింది. నేను థియాలజీ చదివే రోజుల్లో ఎన్నో లావుపాటి పుస్తకాలు చదివాను. సంఘం అంటే ఏమిటో ఇంత సూటిగా అడిగినవి వాటిలో తక్కువ. మన జిల్లాల్లో ఆ పని ఎవరైనా చేశారా? ఏ ఊళ్ళో క్రైస్తవుల సమాధుల తోట రెండుగా ఉంది, ఏ సంఘంలో ఏ కులం పెద్దలే కమిటీలో ఉన్నారు? దరఖాస్తు పెడతామన్న తమ్ముళ్ళిద్దరికీ ఈ పని అప్పగిస్తున్నా. ఆఫ్రికా వెళ్ళేదాకా ఆగక్కర్లేదు.

నైరోబీలో నిన్ను భారతీయురాలు అంటారు చెల్లీ. ఆ మాట అక్కడ ఒక బరువుతో వస్తుంది. ఇంగ్లీషువాళ్ళు రైలుమార్గం వేయడానికి 1896 నుంచి ముప్పై వేల మందికి పైగా కూలీలను మన దేశం నుంచి తీసుకెళ్ళారు, రెండువేల ఐదువందల మంది దాకా చనిపోయారు. ఆ తర్వాత వెళ్ళినవాళ్ళు దుకాణాలు పెట్టారు, కొందరు బాగా ఎదిగారు. తెల్లవాడు పైన, నల్లవాడు కింద, మనవాడు మధ్యమెట్టు మీద. ఆ మెట్టు దిగి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. పియో గామా పింటో అనే పేరు రాసుకో. గోవా క్రైస్తవ కుటుంబం, నైరోబీలో పుట్టాడు, చదువు ఇండియాలో, మన పక్కనున్న ధార్వాడలో కూడా. తిరిగి వెళ్ళి పత్రికల్లో పనిచేశాడు, కెన్యా స్వాతంత్ర్యం కోసం నిలబడ్డాడు, బ్రిటిష్‌వాళ్ళు ఏళ్ళతరబడి నిర్బంధించారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా పేదల భూమి గురించి అడగడం మానలేదు. 1965 ఫిబ్రవరి 24న అతని ఇంటి దగ్గరే కాల్చి చంపారు. 37 ఏళ్ళు. "ఇండియన్లు మాకేం చేశారు" అని ఎవరైనా అడిగితే వాదించకు. విను. పింటో సంగతి వాళ్ళకే బాగా తెలిసి ఉంటుంది.

అక్కడివాళ్ళు వెనకబడ్డారనే ఊహ కూడా ఇక్కడే దించేసి వెళ్ళు. ఫోన్లో డబ్బు పంపుకోవడం కెన్యాలో 2007లోనే మొదలైంది, ఎం-పెసా అంటారు. మన యూపీఐ వచ్చింది 2016లో. 2024 జూన్‌లో కొత్త పన్నుల బిల్లుకు ఎదురుగా వీధుల్లోకి వచ్చింది మీ వయసు పిల్లలే. జూన్ 25న పార్లమెంటు దాకా వెళ్ళారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, అధ్యక్షుడు ఆ బిల్లు వెనక్కి తీసుకున్నాడు. నేర్పడానికి వెళ్తున్నావని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. ఒకమాట మీ అమ్మ ముందే చెప్తున్నా, ఊరేగింపుల దగ్గరికి ఒక్కదానివే వెళ్ళొద్దు. ఆఫీసు పెద్దవాళ్ళు లేకుండా అసలే వద్దు.

నువ్వు ఏం రాస్తే బాగుంటుంది అని అడిగావు. నా ఆశ చెప్తా. నైరోబీలో గికోంబా అనే సంత ఉంది. పాశ్చాత్య దేశాలవాళ్ళు వాడి పారేసిన బట్టలు మూటలు మూటలుగా అక్కడ దిగుతాయి. మితుంబా అంటారు, అంటే మూటలు అనే అర్థం. ఆ బట్టల్లో కొన్ని మన గుజరాత్ కాండ్లాలో దిగి, ఏరి, కట్టలు కట్టి ఆఫ్రికాకు వెళ్తాయి. ఏరేది అక్కడి కార్మిక ఆడవాళ్ళు. ఇటు కెన్యాలో కిసుము నూలు మిల్లు మూతపడింది. మన సోలాపూర్ పాత మిల్లు మూతపడ్డప్పుడు ఈ పేటలో పొయ్యిలు ఎలా చల్లారాయో ముసలివాళ్ళు చెప్తారు. 2016లో తూర్పు ఆఫ్రికా దేశాలు పాతబట్టలు ఆపేద్దామనుకున్నాయి. అమెరికా వ్యాపార రాయితీలు తీసేస్తానంది. మిగతావి వెనక్కి తగ్గాయి, రువాండా తగ్గలేదు. 2018లో దాని బట్టల ఎగుమతులకు రాయితీ ఆగిపోయింది. అయితే ఆ సంతలో మూట విప్పి అమ్ముకుని పిల్లల్ని చదివించే తల్లులు కూడా వేలమంది. పాతబట్ట ఆపితే వాళ్ళేం కావాలి, ఆపకపోతే మగ్గం ఏం కావాలి? ఈ చిక్కుముడి నేతపని ఇంట్లో పుట్టిన పిల్లకు అర్థమైనట్టు ఇంకెవరికి అర్థమవుతుంది? గుడ్డ పట్టుకుని చూడగానే ఎన్నో నంబరు నూలో చెప్పగల విలేకరి అక్కడి పత్రికాఫీసులో ఇంకొకరు ఉంటారని నేననుకోను.

పాతబట్టలంటే గుర్తొచ్చింది. యిర్మీయా గ్రంథం ముప్పై ఎనిమిదో అధ్యాయం. ఊరికి ఇష్టంలేని నిజం చెప్పాడని ప్రవక్తను బురద గోతిలోకి దింపేశారు. తోటి యూదులు చూస్తూ ఊరుకున్నారు. రాజు దగ్గరకు వెళ్ళి అడిగినవాడు ఎబెద్మెలెకు, కూషీయుడు, ఆఫ్రికావాడు. తాళ్ళు తెచ్చాడు. అంతేనా? చిరిగిన పాతగుడ్డలు కూడా వెతికి తెచ్చి, చంకల కింద పెట్టుకోమన్నాడు, తాడు ఒరుసుకోకుండా. నిజం చెప్పినవాణ్ణి గోతిలోంచి లాగడానికి తాడు అందరూ తేవచ్చు. పాతగుడ్డ గురించి ఆలోచించినవాడు ఒక్కడే. నేనీ వాక్యభాగం మన పేటలో చాలాసార్లు చెప్పాను, ప్రతిసారీ ఆడవాళ్ళే ముందు తలూపుతారు. గుడ్డ విలువ తెలిసినవాళ్ళు గనక.

భాష సంగతి చెప్పి ముగిస్తాను. నైరోబీలో ఇంగ్లీషు నడుస్తుంది, కానీ మనసులో మాట స్వాహిలీలో వస్తుంది. భయపడకండి, సగం మాటలు మీకు వచ్చినవే. దుకాణం దుకా, పుస్తకం కితాబు, వేళ వకాతి, టీ చాయ్, బండి గారి. ఎవరైనా ఎదురైతే హబారి అంటారు, ఏం సంగతి అని. అది అరబ్బీ ఖబర్. మన కబురు కూడా అదే మాట. వాళ్ళు సువార్తను హబారి ంజెమా అంటారు, మంచి కబురు. ఒకే మాట సముద్రానికి అటొక ఒడ్డున, ఇటొక ఒడ్డున దిగింది.

బుధవారం నుంచి రాత్రి ఎనిమిదింటికి ఇదే హాల్లో ఫోన్ పెట్టుకుని స్వాహిలీ పాఠాలు వింటాం. రాత్రి డ్యూటీ ఉన్నవాళ్ళకు ఆదివారం ఆరాధన తర్వాత. ప్రయాణానికి సంఘం ఇచ్చే డబ్బు లెక్క గోడకు అంటిస్తాం, ఇచ్చినవాళ్ళు రసీదు తీసుకోండి. చెల్లి వారానికొకసారి తెలుగులో ఒక ఉత్తరం పంపుతుంది, బీడీలు చుట్టేచోట ఎవరో ఒకరు పైకి చదవాలి. తొమ్మిదో తరగతి పిల్లలు, ఆ పని మీది. అమ్మలు అడిగే ప్రశ్నలు రాసి తిరిగి పంపండి, జవాబు రావాలి. గల్లీ మీద మూడు కథనాలు వచ్చే నెల మొదటి ఆదివారానికి నా చేతికి రావాలి. మొదటిది బీడీల లెక్క. అమ్మా, మీరు రేపటినుంచి పడేసినవి కూడా లెక్కపెట్టి ఉంచండి.